వీధికి వీపు చూపించిన ఇల్లు

ముందు వీధి సంగతి చెప్పేయాలి. లేకపోతే అత్త బాధేంటో ఎవరికీ ఎక్కదు.

ఇప్పుడు బస్సులు రయ్యిమని పోతున్నాయే, ఆ రోడ్డంతా ఒకప్పుడు నీళ్ళు. నిజంగా నీళ్ళే! ఇళ్ళ గోడలు నీళ్ళలోంచే లేచేవి. పడవలు వచ్చి గోడలకి ఆనుకునేవి. మోకాలి ఎత్తులో గోడలోకి దిగ్గొట్టిన ఇనప కడియాలుండేవి, వాటికి తాళ్ళు కట్టేసి, పడవలోంచే మూటల్ని గిలకల మీద పై అంతస్తుకి లాగేసేవాళ్ళు. ఇళ్ళ అసలు వాకిళ్ళు అటు వెనక సందులోకి ఉండేవి. మనుషులు అటునుంచి, మూటలు ఇటునుంచి. అంటే నీళ్ళ వైపుది పెరడన్నమాట. పెరటి గోడకి ఎవరైనా సోకులు చేస్తారా? చెయ్యరు. సున్నం కొట్టి వదిలేస్తారు.

తర్వాత ఎవరో పెద్దమనుషులు కూచుని నీళ్ళని అవతలికి తోసేద్దాం అనుకున్నారు. మట్టి పోశారు, రాళ్ళు పేర్చారు, రోడ్డేశారు, అవతల రెయిలింగు కట్టారు. ఇంకేముంది, వీధి వీధంతా తిరగబడిపోయింది. వాకిలి వెనక్కి పోయింది, పెరడు ముందుకొచ్చింది! పొద్దున్నే లేచి చూసేసరికి ఊరంతా మీ వీపు వైపు నిలబడి షికారు చేస్తుంటే ఎలా ఉంటుంది చెప్పండి? అందరూ గబగబా వీపులకి మొహాలు తొడిగేశారు. ఒకడు స్తంభాలు పెట్టాడు, ఇంకొకడు కమానులు పెట్టాడు, మరొకడు కిటికీలు చాల్లేదని గోడ మీద కిటికీ బొమ్మ వేయించాడు, దానికి సగం తెరిచిన రెక్కలు కూడా! ఆ బొమ్మ కిటికీ ఇప్పటికీ ఉంది. పావురాలు వచ్చి దాని అంచు మీద వాలబోయి జారిపోతుంటాయి. పాపం.

అందరూ తొడిగారు, ఒక్క ఇల్లు తప్ప.

ఆ ఒక్కటీ వీధి చివర, సందు మలుపులో ఉంది. చదును గోడ. కింద ఓ తలుపు, సరిగ్గా దాని నెత్తిన పై అంతస్తులో ఇంకో తలుపు. దానికి బాల్కనీ లేదు, మెట్లు లేవు, తెరిచి అడుగేశారంటే నేరుగా రోడ్డు మీదికే. దాని పైన గోడలోంచి పొడుచుకొచ్చిన దూలం, దూలం కొసకి తుప్పు పట్టిన గిలక. అంతే. సరుకు లాగడానికి కట్టిన ఇల్లు, ఇప్పటికీ అదే మొహంతో నిలబడి ఉంది. వీధిలో అందరూ దాన్ని వీపు ఇల్లు అంటారు.

ఆ వీపు ఇల్లు అత్తది.

అత్త వాళ్ళ తాతలు తెరచాపలు కుట్టేవాళ్ళు. రోడ్డు పడ్డప్పుడు అందరూ స్తంభాలు పెట్టిస్తుంటే ముత్తాత, "చాప కుట్టేవాడికి స్తంభాలెందుకు, వాటికేమన్నా గాలి పడుతుందా" అన్నాడట. చాపలు పోయాయి, ఇప్పుడు అత్త అదే గదిలో లారీల పట్టాలు, పడవల గొడుగులు, షాపుల ముందు వేలాడే ఎండ పరదాలు కుడుతుంది. అరచేతికి తోలుముక్క, చేతిలో దబ్బనం, పక్కన మైనం ముద్ద. దళసరి కాన్వాసు మీద అత్త కుట్టు పడిందంటే గుడ్డ చిరగాలే కానీ కుట్టు ఊడదు. నోరు కూడా అలాంటిదే.

ఆమె తమ్ముడి కూతురు మన టేపు. అసలు పేరు వేరే ఉందిలెండి, కానీ ఎప్పుడు చూసినా జేబులో కొలత టేపు పెట్టుకుని, కనబడ్డ గోడనల్లా కొలుస్తుంటే ఇంకేమంటారు? చదువుకోవడానికని అత్త ఇంటికి వచ్చి, చదువైపోయాక పాత కట్టడాలు బాగుచేసే ఆఫీసులో బొమ్మలు గీసే ఉద్యోగం దొరికి, ఇక్కడే ఉండిపోయింది. ఈ వీధంటే టేపుకి పిచ్చి. మామూలు పిచ్చి కాదు. పక్కవాళ్ళతో నడుస్తూ నడుస్తూ మాట మధ్యలో ఆగిపోయి, "ఆగండాగండి, ఆ కమాను కింద రాయి చూశారా, అది మెట్టు!" అని అరిచే రకం.

సరిగ్గా ఆ రోజుల్లోనే రేవు దగ్గర మళ్ళీ పడవల సర్వీసు మొదలుపెడుతున్నామని నగరం వాళ్ళు ప్రకటించారు. పడవలో వచ్చేవాళ్ళకి ముందు కనబడేది ఈ వీధే కాబట్టి దీని మొహం కడగాలి. ఆ పని టేపు వాళ్ళ ఆఫీసుకి వచ్చింది! వీధి మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే పొడవు బొమ్మగా గీయాలి, ఇంటివాళ్ళని అడిగి ఎవరికేం కావాలో అది బాగుచేయాలి. టేపు ఆ సాయంత్రం మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసి అత్త ముందు కూలబడింది.

"అత్తా, నీ ఇంటికి ఏం చేద్దాం? నేను చెప్పనా? సున్నం గీకేసి, తలుపులకి నూనె పట్టించి, గిలకకి తుప్పు వదిలించి..."

"నాకు స్తంభాలు కావాలి," అంది అత్త, పళ్ళ మధ్య దారం పట్టుకుని.

టేపు కూలబడ్డదల్లా లేచి నిలబడింది.

"స్తంభాలా! నీకా!"

"ఏం, నాకు పెడితే కూలిపోతాయా?"

"అత్తా, ఈ వీధి మొత్తం మీద నిజం చెప్పే గోడ ఇదొక్కటే. మిగతావన్నీ వేషాలు. పైన పటారం, లోన లొటారం. గడియారం బాబాయి స్తంభాన్ని తట్టి చూడు, నూనె డబ్బాలా మోగుతుంది."

"మోగితే మోగనీ. వాడిల్లు ఫొటోలో పడుతుంది. నాది పడదు."

గడియారం బాబాయి అంటే పక్కింటాయన, గడియారాలు బాగుచేస్తాడు. స్తంభాలున్న ఇళ్ళ వరసలో ఆయనది ఆఖరిది, దాని పక్కనే అత్త ఇల్లు. ఈ వీధి బొమ్మతో ఇన్నేళ్ళుగా ఎన్ని కార్డులు అచ్చేశారో, అన్నిట్లోనూ బొమ్మ బాబాయి ఆఖరి స్తంభం దగ్గర ఆగిపోతుంది. కత్తిరించినట్టు! రేవు దగ్గర బడ్డీలో ఆ కార్డులు వేలాడుతుంటాయి. కొత్త కార్డు వచ్చిందంటే అత్త ఏదో పని ఉన్నట్టు అటు వెళ్ళి, దాన్ని తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసి వచ్చేస్తుంది. ఆ సంగతి టేపుకి తెలుసు. తెలిసి కూడా ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

"నీకేం తల్లీ," అంది అత్త, "నువ్వు గోడని చూసి మురిసిపోతావు. ఆ గోడ పేరుతో పిలిపించుకునేది నేను. చిన్నప్పుడు బళ్ళో వీపు ఇంటి పిల్ల, ఇప్పుడు వీపు ఇంటావిడ. నేనూ ముందుకి తిరుగుతానే. నాలుగు స్తంభాలు. తలుపుకి అటు రెండు, ఇటు రెండు. బొమ్మ గియ్యి."

టేపు ఆ రాత్రి భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఆఫీసులో పెద్దసారుకి చెప్పుకుంది, మీరైనా వచ్చి ఆవిడకి చెప్పండి సార్ అని. పెద్దసారు అద్దాలు తుడుచుకుంటూ, "ఇల్లు ఎవరిదమ్మా?" అన్నాడు.

"మా అత్తది."

"వందేళ్ళ కింద బాబాయి వాళ్ళ తాత పెట్టుకుంటే చరిత్ర, ఇవాళ మీ అత్త పెట్టుకుంటే తప్పా? గీసివ్వు."

ఇంకేముంది, గీయాలి.

కొలతలు తియ్యడం మొదలైంది. టేపు ఒక్కో ఇంటి ముందూ నిచ్చెన వేసి, స్తంభం లావు, కమాను వంపు, బొమ్మ కిటికీ ఎత్తు అన్నీ ప్రాణం పెట్టి కొలిచింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. చివరికి అత్త ఇంటికి వచ్చేసరికి ఏమైందంటే, గడియారం బాబాయి వైపు సగం గోడ మీద పెద్ద పట్టా వేలాడుతోంది. అత్త దానికి మైనం పట్టించి ఆరబెట్టింది.

"అత్తా, ఇది కాస్త పక్కకి జరపనా?"

"దాని మీద చెయ్యి పడిందా, విరగ్గొడతా. రేపు ఇచ్చెయ్యాలి అది."

సరే అని టేపు సందు వైపు సగమే కొలిచింది. మూల నుంచి తలుపు మధ్య దాకా. రెండో సగం కంప్యూటర్లో మిర్రర్ కొట్టేసింది. అంటే ఏం లేదు, గీసిన సగాన్ని కాగితం మడత పెట్టినట్టు అటువైపుకి తిప్పేయడం. బొమ్మలు గీసేవాళ్ళంతా చేసే పనే. తలుపు మధ్యలో ఉన్నప్పుడు అటు ఎంతో ఇటూ అంతే కదా! పైగా ఇది ఇన్నేళ్ళు తిరిగిన ఇల్లు, కళ్ళు మూసుకుని గీసేయగలదు. కళ్ళు మూసుకునే గీసింది. బొమ్మంతా అతికించాక బాబాయి ఇంటికీ అత్త ఇంటికీ మధ్య మూరెడు ఖాళీ కనబడింది. నీళ్ళ పైపు సందేమోలే అనుకుని, రెండిళ్ళనీ దగ్గరికి జరిపేసింది. మనసు బాగోక చేసిన పని అలాగే ఉంటుంది. ఎంత తొందరగా గీసి ఇచ్చేసి ఆ స్తంభాల మొహం చూడకుండా ఉందామా అనే.

ఆ బొమ్మ పట్టుకుని అచ్చులు పోసేవాళ్ళు నాలుగు డొల్ల స్తంభాలు, వాటి మీద పెట్టే పట్టీ పోసేశారు. బండి మీద వచ్చాయి. అత్త కొత్త చీర కట్టుకుని కిందికి దిగింది! గడియారం బాబాయి కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే బయటికి వచ్చేశాడు.

"అక్కా, ఇన్నాళ్ళకి ఇటు తిరిగావన్నమాట!"

"నీ మొహం చూడాల్సి వస్తుందనే ఇన్నాళ్ళూ తిరగలేదురా."

మేస్త్రీ నెమ్మదైన మనిషి. ఈ మూల నుంచి ఆ మూలకి దారం కట్టి, గోడకి నడిమధ్యన సుద్దతో గీత గీసి, గీతకి అటూ ఇటూ స్తంభాలని నిలబెట్టించి, వెనక్కి వచ్చి చూశాడు. తల గోక్కున్నాడు. మళ్ళీ దారం చూశాడు. మళ్ళీ గోక్కున్నాడు.

సందు వైపు, తలుపు పక్కన నిలబడాల్సిన స్తంభం తలుపులోకి జానెడు దూరిపోయి ఉంది.

"అమ్మాయిగారూ," అన్నాడు మేస్త్రీ, "స్తంభాలు నడిమధ్యనే ఉన్నాయి. తలుపు లేదు. తలుపుని కాస్త అటు జరిపేద్దామా? పాతదే కదా, చెక్కేస్తే పోతుంది."

"వద్దు!" టేపు అరిచిన అరుపుకి రెయిలింగు మీది పావురాలు లేచిపోయాయి. "తలుపుని ముట్టుకోవద్దు. తలుపుది తప్పు కాదు. నాది."

ఇక్కడ చూడండి, టేపుకి ఒక్క క్షణం బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. స్తంభాలు పట్టవు అత్తా, ఈ ఇంటికి స్తంభాల యోగం లేదు అనేస్తే? ఎవరు కనిపెడతారు? మేస్త్రీ కూడా అవునమ్మా అనేస్తాడు. గోడ మిగిలిపోతుంది, తనకి కావలసింది అదే కదా! నాలిక చివరి దాకా వచ్చింది మాట. కొత్త చీరలో నిలబడి తలుపుకి అడ్డంగా ఉన్న స్తంభాన్నే చూస్తున్న అత్త మొహం కనబడింది. మాట వెనక్కి పోయింది.

"అత్తా, నేను సగమే కొలిచాను. పట్టా వేలాడుతోందని రెండో సగం తిప్పేశాను. మళ్ళీ కొలిచి మళ్ళీ పోయిస్తే సరిగ్గా పడతాయి. పెద్దసారుకి నేనే చెప్తాను."

అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లోపలికి పోతూ, "ఈసారి నేను పట్టుకుంటా నీ టేపు రెండో కొస," అంది. "రా."

పెద్దసారుకి ఫోన్లో చెప్తే, "మిర్రర్ కొట్టావా?" అన్నాడు. కొట్టాను సార్, మధ్యలో మూరెడు ఖాళీ వస్తే దగ్గరికి జరిపేశాను. "ఏ కారణం లేకుండా మూరెడు గోడ ఎక్కడికి పోతుందమ్మా? లోపల నుంచి కూడా కొలిచి చూడు." అంతే, పెట్టేశాడు. తిట్టలేదు. అదింకా కష్టంగా అనిపించింది.

సరే, బయట కొలిచారు. బాబాయి వైపు సగం నిజంగానే మూరెడు ఎక్కువ. పైకి వెళ్ళి అత్త కుట్టే గదిలో కొలవబోతే పై తలుపుకి అడ్డంగా అల్మరా ఉంది. కాన్వాసు చుట్టలు, పట్టాలకి తాళ్ళు దూర్చే చోట బిగించే ఇత్తడి కన్నాల డబ్బాలు, పాత పట్టాలు. టేపు ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ తలుపు తెరిచి చూడలేదు. అత్త కూడా ఎప్పుడు మూసిందో మర్చిపోయింది. చుట్టలు ఒక్కొక్కటీ దించి, గదిలో పట్టనివి కిందికి చేరవేశారు. ఆ చుట్టల్ని ఎప్పుడూ కింద నుంచి ఇరుకు మెట్ల మీద భుజాన మోసుకొస్తుంది అత్త, మోకాళ్ళు పట్టుకుని ప్రతి మలుపులో ఓసారి తిట్టుకుంటూ. మేస్త్రీ వచ్చి ఓ చెయ్యేస్తే అల్మరా పక్కకి జరిగింది. గడియకి నూనె పోసి, సుత్తితో అటో దెబ్బ ఇటో దెబ్బ వేస్తే, రెక్కలు మూలుగుతూ తెరుచుకున్నాయి.

వెలుగు! అబ్బ, ఆ వెలుగు! నీళ్ళ మీద పడి లేచిన ఎండ రోడ్డు దాటుకుని నేరుగా గదిలోకి వచ్చేసింది. పైకప్పు మీద అలలు కదులుతున్నాయి. పగలు కూడా ట్యూబులైటు వేసుకుని కుట్టే గది అది. అత్త అరచెయ్యి చాపి దాని మీద పడ్డ వెలుగుని చూసుకుంది. చేతిలో మైనం మరకలు, దబ్బనం గుచ్చుకున్న మచ్చలు అన్నీ కనబడుతున్నాయి.

"ఇంత మాసిపోయిందా నా చెయ్యి," అంది.

"అత్తా, కొస పట్టుకో." టేపు తలుపు మధ్య నుంచి అటు కొలిచింది, ఇటు కొలిచింది. మళ్ళీ కొలిచింది. "అత్తా! లోపల రెండూ సమానం! తలుపు సరిగ్గా గది మధ్యలో ఉంది!"

"మరి బయట?"

"బయట మూరెడు ఎక్కువ. అంటే మూరెడూ గోడలోనే ఉంది. బాబాయి వైపు గోడ సందు వైపు గోడ కంటే మూరెడు మందం!"

"ఎందుకూ? వాడి గంటల గోల వినబడకుండానా?"

టేపు అప్పటికే మెట్లు దిగిపోయింది. గడియారం బాబాయి షాపులోకి తుపానులా దూరి, ఆ ఉమ్మడి గోడ వైపు చూసింది. గోడ నిండా గడియారాలు, ఒకదానికొకటి పొంతన లేని టైములు చూపిస్తూ. కింద, మోకాలి ఎత్తులో, బాబాయి గొడుగు వేలాడుతోంది. దేనికి వేలాడుతోంది?

ఇనప కడియానికి.

ఈ వీధికి వచ్చినప్పటి నుంచి చూస్తున్న కడియం. అందరూ చూస్తున్న కడియమే. ఆ గొడుగు అక్కడే వేలాడేది, దాని ముందు వాళ్ళ నాన్న గొడుగు.

"బాబాయ్, నీ షాపులోకి పడవలొచ్చేవి!"

"ఏంటమ్మా, ఎండ దెబ్బ తగిలిందా?"

"ఇది పడవ కట్టే కడియం! గోడకి బయట ఉండాలి, నీ షాపు లోపల ఉంది! అంటే ఒకప్పుడు ఇది బయటి గోడ! నీ ఇల్లు ఇక్కడ లేదు, ఇక్కడ నీళ్ళున్నాయి!" టేపు ఊపిరి పీల్చుకోవడానికి ఆగి మళ్ళీ అందుకుంది. "అలలు ఈ గోడకి కొట్టేవి బాబాయ్, అందుకే మూరెడు మందం పెట్టారు. సందు వైపు నేల ఉంది, అక్కడ అక్కర్లేదు. ముందు అత్త ఇల్లొక్కటే ఉంది. తర్వాత నీళ్ళు పూడుస్తూ పూడుస్తూ నీ ఇల్లు, దాని పక్కది, ఆ పక్కది, అటు చివరి దాకా అన్నీ దాని గోడ పట్టుకునే వచ్చాయి!"

వెనకే మోకాళ్ళు పట్టుకుంటూ దిగివచ్చిన అత్త గుమ్మంలో నిలబడి అంతా వింది. నెమ్మదిగా లోపలికి వచ్చి, గొడుగు తీసి బాబాయి చేతిలో పెట్టి, కడియాన్ని పట్టుకుని ఓసారి లాగి చూసింది. కదల్లేదు.

"అంటే మాది చివరి ఇల్లు కాదన్నమాట."

"మొదటిది అత్తా! ఈ వీధికి మొట్టమొదటి ఇల్లు!"

"అయితే వీడు?"

"బాబాయి ఇంటికి ఇటువైపు గోడే లేదు. నీ గోడకి ఆనుకుని కట్టారు."

అత్త బాబాయి వైపు తిరిగింది. ఆ మొహంలో వెలుగు పైన గదిలో వెలుగుకి ఏమాత్రం తీసిపోదు. "ఇన్నేళ్ళుగా నా గోడకి చేరబడి, నన్నే వీపు ఇల్లు అంటావురా!"

"అక్కా, చేరబడ్డానికి వీపే కదా బాగుండేది," అన్నాడు బాబాయి, పాపం ఆ మాత్రం తట్టింది. అత్త నవ్వేసింది. గడియారాల్లో ఒకటి, ఏ టైముకో ఏమో, గంటలు కొట్టింది.

ఇక్కడితో అయిపోలేదు. టేపు మనసులో గంతులేస్తోంది కానీ అత్త ఇంకా స్తంభాలు వద్దు అనలేదు. పైకి వెళ్ళి, తెరిచిన తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూచుంది. కింద నలుగురు డొల్ల స్తంభాలని లేపి పక్కన పడుకోబెడుతున్నారు. మేస్త్రీ కింద నుంచి కేకేశాడు, "అమ్మగారూ, కొత్తవి పోయించమంటారా? సరిగ్గా కొలత పెట్టి పోస్తే ఈ తలుపుకి అటూ ఇటూ చక్కగా నిలబడతాయి!"

"తలుపు తెరుచుకుంటుందా?"

"కింది తలుపు తెరుచుకుంటుందండి. పై తలుపుకి పట్టీ అడ్డం వస్తుంది. ఇన్నాళ్ళూ మూసే ఉంది కదండీ!"

అల్మరా లోంచి తీసి కిందికి చేరవేసిన కాన్వాసు చుట్టలు నాలుగు ఇంకా కిందే ఉండిపోయాయి, మేస్త్రీ మనుషులు దారికి అడ్డమని రోడ్డు మీదికి జరిపారు. అత్త వాటిని చూసింది. గిలకని చూసింది. "మేస్త్రీ, దానికి కాస్త నూనె పోసి తాడు వెయ్యవయ్యా," అంది.

గిలక మొదట కీచుమంది, తర్వాత తిరిగింది. అత్తే కిందికి దిగి, నాలుగు చుట్టలకీ ముడి వేసి పైకెళ్ళింది. ఆ ముడి టేపు ఎప్పుడూ చూడలేదు. తాత దగ్గర నేర్చుకుందట. మేస్త్రీ తాడు లాగుతుంటే చుట్ట గాల్లో మెల్లగా తిరుగుతూ, బాబాయి నోరు తెరుచుకుని చూస్తుండగా, పైకి వచ్చి గుమ్మం ముందు ఆగింది. అత్త చెయ్యి చాపి లోపలికి లాక్కుంది. మెట్లు లేవు, మలుపులు లేవు, తిట్లు లేవు. మిగతావీ అలాగే వచ్చేశాయి.

ఆఖరి చుట్ట మీద చెయ్యేసి కూచుని అంది అత్త. "స్తంభాలు వద్దని చెప్పవే మీ సారుకి."

టేపు ఎగిరి గంతేసి అత్త మెడకి చుట్టుకుంది.

"ఆగు ఆగు, అప్పుడే అయిపోలేదు. మొహం మాత్రం నాకు కావాలి. ఫొటోలో పడాలి. దానికి నేనే ఏదో చేసుకుంటా."

ఆ ఏదో ఏంటో తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. ఈలోపు గోడకి పాత సున్నం గీకారు, తలుపులకి నూనె పట్టించారు, ఆ డొల్ల స్తంభాలు ఆఫీసు పెరట్లో కూచోడానికి పనికొస్తున్నాయి. టేపు పొడవు బొమ్మ సరిచేసింది. మందం గోడ నల్లగా నింపి, పక్కన కడియం కూడా గీసింది. అత్త మాత్రం గది తలుపు బిగించుకుని రాత్రింబగళ్ళు కుట్టు.

పడవల సర్వీసు మొదలయ్యే రోజు పొద్దున దూలానికి పరదా లేచింది.

అబ్బో! ఎరుపూ పసుపూ చారలు! ఇంటి మొహమంతా పరుచుకుని రోడ్డు మీదికి చాచిన ఎండ పరదా, గిలక మీద తాడు లాగితే తెరచాపలా పైకి లేచి గాలికి కడుపు ఉబ్బించుకుంది. దాని పై కొస గోడ మధ్యలో లేదు, సరిగ్గా దూలం కింద ఉంది. అందుకని ఒకవైపు చారలు నాలుగు ఎక్కువ. వీధిలో ఎవరి ఇల్లూ ఆ చుట్టుపక్కల కనబడ్డం లేదు, అదొక్కటే కనబడుతోంది.

"అత్తా... పాత గోడకి ఈ రంగులేంటి!" టేపు తల పట్టుకుంది.

"స్తంభాలు మానుకున్నాగా. ఇంకా ఏం మానుకోమంటావ్?"

పెద్దసారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "గోడకి ఒక్క మేకు కూడా కొట్టలేదు," అన్నాడు చివరికి. "దూలానికి ఉన్న పనే దానికి ఇచ్చారు. ఉండనీ." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "రంగులు మాత్రం..." అని ఆగి, అత్త చూపు చూసి, "బాగున్నాయి" అనేశాడు.

మధ్యాహ్నం కార్డులు తీసే ఫొటో ఆయన వచ్చి రోడ్డుకి అవతల మూడుకాళ్ళ స్టాండు పెట్టాడు. ఎప్పట్లాగే బాబాయి స్తంభం దగ్గర ఆపి చూశాడు. బాగోలేదు, పరదా అంచు సగంలో తెగిపోతోంది. కాస్త వెనక్కి జరిగాడు. ఇంకాస్త. చివరికి వీపు రెయిలింగుకి ఆనేసింది.

"అక్కా, నీ పరదా నా స్తంభం మీద నీడ వేస్తోంది!" అని బాబాయి గొడవ.

"ఆనుకున్నవాడివి, ఆ మాత్రం ఓర్చుకోవాలిరా!"

అత్త పై గుమ్మంలో స్టూలు మీద కూచుని, ఫొటో సంగతే తనకి తెలియనట్టు సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎంతసేపటికీ ఎక్కడం లేదు. ఫొటో తీయడం అయిపోగానే కిందికి కేకేసింది. "ఒసేయ్, కళ్ళు మూసుకున్నానేమో, ఇంకోటి తియ్యమను!"

ఇంకోటి తీశారు. ఇంకోటి కూడా.

ఎండ తగ్గాక టేపు నిచ్చెన పట్టుకుని వచ్చింది. పొడవు బొమ్మలో ఇప్పుడు పరదా కూడా గీయాలి కదా, పెద్దసారు మాట. సందు వైపు సగం కొలిచి, కాగితం మీద రాసుకుని, పైకి చూసింది.

"రెండో సగం మిర్రర్ కొట్టేయనా అత్తా?"

"కొట్టి చూడు, దబ్బనంతో పొడుస్తా," అంది అత్త, అప్పటికే మెట్లు దిగుతూ. "ఇటివ్వు ఆ కొస."